కొత్త ఇంజినీరింగ్ వర్సిటీలో సీటు తీసుకునే ముందు: మధ్య బెంచీ లెక్క

ఏప్రిల్ వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "ఫలానా వర్సిటీ కొత్తది కదా, పిల్లవాణ్ణి చేర్చవచ్చా?" అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పలేను. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పగలను. చాలా ఏళ్లు ఇంజినీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. అడ్మిషన్ల బల్లకు అటువైపూ కూర్చున్నాను, ఇటువైపూ కూర్చున్నాను.

పాత కళాశాలను దాని పూర్వ విద్యార్థులను చూసి అంచనా వేయవచ్చు. కొత్తదానికి ఆ సౌకర్యం లేదు. అందుకే వాళ్లు భవనాలు చూపిస్తారు, మొదటి ర్యాంకరును చూపిస్తారు, అత్యధిక ప్యాకేజీని హోర్డింగు ఎక్కిస్తారు. మీరు వెతకాల్సింది వేరే మనిషిని. హాజరు పట్టీలో సరిగ్గా మధ్యలో ఉండే విద్యార్థిని. మరీ చురుకు కాదు, మరీ వెనకబడినవాడూ కాదు. నాలుగేళ్లలో అతనికి ఆ వర్సిటీ ఏమి చేసింది అన్నదే అసలు లెక్క. కింది మెట్లన్నీ అతని కోసమే.

## 1. మొదట ఒక నోటు పుస్తకం, మూడు వారాల సమయం

ఈ పని ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే మొదలుపెట్టండి. చాలా ప్రైవేటు వర్సిటీలు సొంత ప్రవేశ పరీక్షలు ముందే పెట్టి, ఈఏపీసెట్, జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల) కౌన్సెలింగ్‌లు మొదలవకముందే సీటు ఖాయం చేసుకోమని ఒత్తిడి చేస్తాయి. ఆ తొందరలో సగం తప్పులు జరుగుతాయి.

పుస్తకంలో ఒక్కో వర్సిటీకి రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో వాళ్లు చెప్పింది, కుడి పేజీలో మీరు స్వయంగా సరిచూసింది. ఫోనులో చెప్పిన ప్రతి మాటా ఎడమ పేజీకే వెళ్లాలి. చివర్లో కుడి పేజీ ఖాళీగా మిగిలిందంటే మీకు బ్రోషరు తప్ప ఇంకేమీ తెలియదన్నమాట.

మూడుకు మించి వర్సిటీలను జాబితాలో పెట్టుకోవద్దు. ఎనిమిదింటిని పైపైన చూడటం కన్నా మూడింటిని లోతుగా చూడటం మేలు.

## 2. ఇది ఏ రకం కొత్తది?

"కొత్త వర్సిటీ" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు రకాలు ఉన్నాయి. ఏ రకమో తెలియకుండా అడిగే ప్రశ్నలు గురి తప్పుతాయి.

అసలు కొత్తవి. ఖాళీ స్థలంలో పునాది వేసి మొదలైనవి. అమరావతి ప్రాంతంలో 2017లో తరగతులు ప్రారంభించిన విట్-ఏపీ, ఎస్‌ఆర్‌ఎం-ఏపీ ఈ కోవవే. వేరే రాష్ట్రంలోని పేరున్న సంస్థ వీటి వెనుక ఉన్నా, చట్టం దృష్టిలో ఇవి విడి వర్సిటీలు. మాతృసంస్థలున్న వెల్లూరు అంకెలో చెన్నై అంకెలో చూపించి అమరావతి సీటు ఇస్తుంటే, ఇక్కడి అంకెలు విడిగా అడగండి.

వర్సిటీగా మారిన పాత కళాశాలలు. తెలంగాణలో 2020లో ఏర్పడిన ప్రైవేటు వర్సిటీల్లో అనురాగ్, ఎస్‌ఆర్ ఇలాంటివి. అదే ఏడాది వచ్చిన మహీంద్రా వర్సిటీకి కూడా 2014లో మొదలైన ఇంజినీరింగ్ కళాశాల మూలం. తిరుపతి దగ్గర 2022లో ఏర్పడిన మోహన్‌బాబు వర్సిటీకి శ్రీవిద్యానికేతన్ కళాశాల మూలం. భవనాలు, అధ్యాపకులు పాతవే కావచ్చు గానీ సిలబస్, పరీక్షల విభాగం, పట్టా మీద పేరు కొత్తవి. పాత కళాశాలకు వచ్చిన గుర్తింపు కొత్త పేరుకు దానంతట అదే బదిలీ అవుతుందని అనుకోవద్దు. కాగితం చూపించమనండి.

పాత వర్సిటీల కొత్త ప్రాంగణాలు. 2008లో మొదలైన బిట్స్ హైదరాబాద్ ఈ రకానికి మంచి ఉదాహరణ. పట్టా మాతృసంస్థదే. ఇక్కడ అడగాల్సింది ఒకటే: ప్రధాన ప్రాంగణంలో పాఠాలు చెప్పేవారితో సమానమైన అర్హతలున్నవారు ఇక్కడ ఉన్నారా, ప్రశ్నపత్రం రెండు చోట్లా ఒకటేనా?

## 3. పుట్టు కాగితాలు: అరగంట పని, వాయిదా వేయవద్దు

వర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ వెబ్‌సైటులో వర్సిటీల జాబితాలు ఉంటాయి: కేంద్ర, రాష్ట్ర, డీమ్డ్ (చట్టంతో కాక కేంద్రం ఇచ్చిన వర్సిటీ హోదాతో నడిచేవి), రాష్ట్ర ప్రైవేటు. మీ వర్సిటీ పేరు అక్షరం తేడా లేకుండా వీటిలో ఒకదానిలో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వర్సిటీలకు 2016 నాటి చట్టం, తెలంగాణలో 2018 నాటి చట్టం ఆధారం. యూజీసీ నకిలీ వర్సిటీల జాబితా కూడా పెడుతుంది. అందులో గుంటూరు, విశాఖపట్నం చిరునామాలూ ఉన్నాయి. కాబట్టి ఇది ఎక్కడో ఉత్తరాది గొడవ అనుకోవద్దు.

సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి దగ్గర చాలామంది తికమక పడతారు. చట్టం ద్వారా ఏర్పడిన వర్సిటీ ఇంజినీరింగ్ కోర్సు మొదలుపెట్టడానికి ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2001లో భారతీదాసన్ వర్సిటీ కేసులో తీర్పు చెప్పింది. అందుచేత ప్రైవేటు వర్సిటీకి ఆ అనుమతి లేకపోవడం మోసం కాదు. డీమ్డ్ వర్సిటీల సంగతి వేరు, వాటికి అనుమతి కావాలి. అనుమతి తీసుకున్నామని చెప్పుకునే ఏ సంస్థనైనా ఈ విద్యాసంవత్సరపు అనుమతి పత్రం, అందులో మీ బ్రాంచికి ఉన్న సీట్ల సంఖ్య చూపించమనండి.

ఈ మెట్టు ముగించే ముందు సరిచూసుకోవాల్సినవి:

- యూజీసీ జాబితాలో పేరు, చిరునామా రెండూ ఉన్నాయా?
- మీరు చదవబోయే ప్రాంగణం ఆ చిరునామాలోదేనా? రాష్ట్ర ప్రైవేటు వర్సిటీ తన కింద అనుబంధ కళాశాలలు నడపకూడదు. మీ ఊళ్లోని "స్టడీ సెంటర్"లో బీటెక్ అంటే అక్కడితో ఫోను పెట్టేయండి.
- పట్టా మీద బ్రాంచి పేరు ఎలా ముద్రిస్తారు? నమూనా అడగండి.

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో "కంప్యూటర్ సైన్స్ లేదా తత్సమానం" అని ఉంటుంది. నాలుగు మాటల కొత్త బ్రాంచి పేరుతో పట్టా వచ్చినవాళ్లు తత్సమాన ధ్రువపత్రం కోసం తిరగడం నేను చూశాను.

## 4. గ్రేడులు, ర్యాంకులు: ఏది లేకపోయినా ఫరవాలేదు, ఏది ఉంటేనే లెక్క

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తనిఖీ చేసి గ్రేడు ఇచ్చేది నాక్. ఆ గుర్తింపు మొత్తం సంస్థకు ఇచ్చేది. దాన్ని అడగాలంటే రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లాలి, లేదా సంస్థకు ఆరేళ్లు నిండాలి. ఏది ముందైతే అది. కాబట్టి నాలుగేళ్ల వర్సిటీకి నాక్ లేకపోవడం లోపం కాదు. పదేళ్ల వర్సిటీకి లేకపోతే ఎందుకని అడగాలి. గ్రేడు ఉన్నా దాన్ని దేవుడి మాటగా తీసుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో నాక్ తనిఖీ బృందంలోని వారినే లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది.

సాంకేతిక కోర్సుల నాణ్యతను చూసే ఎన్‌బీఏ ఇచ్చే గుర్తింపు బ్రాంచికి ఇచ్చేది. మీకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. భారత్ 2014 జూన్‌లో వాషింగ్టన్ ఒప్పందంలో (సభ్య దేశాలు ఒకరి ఇంజినీరింగ్ పట్టాలను మరొకరు గుర్తించే ఒప్పందం) శాశ్వత సభ్యత్వం పొందింది. అయితే ఎన్‌బీఏ టైర్-1 కింద గుర్తింపు పొందిన కోర్సులకే ఆ ఒప్పందపు విలువ వర్తిస్తుంది. మెకానికల్‌కు వచ్చిన ఎన్‌బీఏను చూపించి సైబర్ సెక్యూరిటీ సీటు అమ్మడం మామూలే. గుర్తింపు పత్రంలో కోర్సు పేరు, గడువు తేదీ చదవండి.

కేంద్ర విద్యాశాఖ ఏటా విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు కన్నా దాని వెనుక ఉన్న పట్టిక విలువైనది. దాన్ని ఎలా చదవాలో ఆరో మెట్టులో చెబుతాను. పత్రికలు, ప్రైవేటు సంస్థలు ఇచ్చే "ఉత్తమ నవతరం వర్సిటీ" పురస్కారాలను ఎడమ పేజీలో కూడా రాయనక్కర్లేదు.

జర్మనీలో ఎంఎస్ ఆలోచన ఉన్నవారు ఇంకొక పని చేయాలి. అక్కడి అనాబిన్ సమాచార నిధిలో ఈ వర్సిటీ "హెచ్ ప్లస్" (అక్కడ గుర్తింపు ఉన్న) వర్గంలో ఉందో లేదో చూడండి. కొత్త వర్సిటీలు అందులో చేరడానికి ఆలస్యం కావచ్చు.

## 5. అధ్యాపకులు: ఒక ఆదివారం పూర్తిగా దీనికే

నన్నడిగితే సగం మార్కులు ఈ మెట్టుకే. భవనం నాలుగేళ్లూ ఉంటుంది. మాస్టారు ఉంటారా?

ముందు సంఖ్య తేల్చండి. ఏఐసీటీఈ కొలత ప్రకారం బీటెక్‌లో 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. 60 మంది సెక్షన్ అంటే నాలుగేళ్లకు 240 మంది, వారికి 12 మంది అధ్యాపకులు. ఒక వర్సిటీ సీఎస్‌ఈలో ఏటా 600 మందిని చేర్చుకుంటే ఆ ఒక్క విభాగానికే 120 మంది కావాలి. విభాగం పేజీ తెరిచి పేర్లు లెక్కపెట్టండి. వర్సిటీలు ఏఐసీటీఈ కిందికి రాకపోయినా ఈ కొలత కొలతే. 2024-25 నుంచి బాగా నడిచే సంస్థలకు సీట్ల మీద పైపరిమితిని ఏఐసీటీఈ కూడా ఎత్తేసింది. సీఎస్‌ఈ సెక్షన్లు అక్షరమాల చివరిదాకా పెరిగిన చోట ఈ లెక్క తప్పనిసరి.

తరవాత హోదాలు. ఒక ప్రొఫెసరుకు ఇద్దరు అసోసియేట్లు, ఆరుగురు అసిస్టెంట్లు అన్నది ప్రామాణిక నిష్పత్తి. 80 మందిలో 76 మంది అసిస్టెంట్లే అయితే, వారిలోనూ ఎక్కువమంది నిరుడు ఎంటెక్ పూర్తిచేసినవారైతే, మధ్య బెంచీ విద్యార్థికి సందేహం వచ్చినప్పుడు వెళ్లే గది లేనట్టే. దీనికి వ్యతిరేకంగా ఇంకో మాయ కూడా ఉంది. జాబితా పైభాగాన ఐఐటీ విశ్రాంత ఆచార్యులు, పరిశ్రమ ప్రముఖులు మెరుస్తుంటారు. వారు వారానికి ఎన్ని తరగతులు తీసుకుంటారో అడగండి. "మార్గదర్శనం చేస్తారు" అన్న జవాబు వస్తే ఆ పేర్లు కొట్టేసి లెక్క మళ్లీ వేయండి.

మూడోది, నిలకడ. దీనికి నేను వాడే చిట్కా ఒకటి ఉంది. పాత వెబ్ పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ విభాగం అధ్యాపకుల పేజీ చిరునామా ఇచ్చి, రెండేళ్ల కిందటి జాబితా తెరవండి. అందులో ఏవైనా 20 పేర్లు రాసుకుని, నేటి జాబితాలో ఎందరు మిగిలారో చూడండి. 15 మంది ఉంటే నిశ్చింత. 8 మందే ఉంటే లోపల ఏదో కాలుతోంది. జీతాలో, పనిభారమో, యాజమాన్యమో. ఏదైనా సరే, సెమిస్టరు మధ్యలో మాస్టారు మారితే నష్టపోయేది పిల్లలే. పాత పేజీ దొరకకపోతే ప్రాంగణానికి వెళ్లినప్పుడు మూడో ఏడాది విద్యార్థిని అడగండి: "ఈ ఏడాది మీకు సెమిస్టరు మధ్యలో ఎన్ని సబ్జెక్టులకు సార్లు మారారు?"

అధ్యాపకుల జాబితానే వెబ్‌సైటులో లేకపోతే? యూజీసీ 2024లో స్వీయ వెల్లడి మార్గదర్శకాలు జారీ చేసింది. పాస్‌వర్డ్ లేకుండా అందరూ చూడగలిగేలా సమాచారం పెట్టాలి. పెట్టని సంస్థ గురించి నా అభిప్రాయం చెప్పనక్కర్లేదు.

## 6. ప్లేస్‌మెంటు అంకెలను విడదీయడం

హోర్డింగు మీది 50 లక్షల ప్యాకేజీ ఒక విద్యార్థిది. ఆ పిల్ల ఎక్కడ చదివినా తెచ్చుకునేదేమో. మధ్య బెంచీ కథ చెప్పే కాగితం ఎన్‌ఐఆర్‌ఎఫ్ కోసం వర్సిటీ సమర్పించిన వివరాల పత్రం. దాన్ని సంస్థలు తమ వెబ్‌సైటులో ఉంచాలి.

అందులో నాలుగేళ్ల కోర్సు పట్టిక వెతకండి. ఒక్కో బ్యాచ్‌కు వరుసగా ఉంటాయి: ఎందరు చేరారు, ఎందరు సకాలంలో పూర్తిచేశారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం ఎంత, ఎందరు పైచదువులకు వెళ్లారు. మధ్యస్థం అంటే సగటు కాదు. జీతాలన్నీ వరుసగా పేర్చితే నడిమి అంకె. ఒక్క పెద్ద ప్యాకేజీతో అది పైకి ఎగరదు.

ఒక ఊహా లెక్క చూడండి. చేరినవారు 600. సకాలంలో పూర్తిచేసినవారు 480. వారిలో బ్యాక్‌లాగ్‌లు లేక, కంపెనీలు అడిగిన మార్కులుండి ప్లేస్‌మెంటుకు "అర్హులైనవారు" 320. ఉద్యోగం వచ్చినవారు 300. వర్సిటీ ప్రకటన: "94 శాతం ప్లేస్‌మెంట్లు". అబద్ధం కాదు, 320లో 300 అంతే మరి. కానీ గేటు లోపలికి అడుగుపెట్టిన 600 మందిలో చూస్తే సరిగ్గా సగం. మీ అబ్బాయి చేరేది 600లో, 320లో కాదు.

ఇంకా విడదీయాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఆఫర్ల సంఖ్య, విద్యార్థుల సంఖ్య ఒకటి కావు. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కించే చోట్లున్నాయి. సీటీసీలో (కంపెనీ చెప్పే ఏడాది మొత్తం ప్యాకేజీలో) చేరిక బోనసు, కంపెనీ వాటాలు, కొన్నేళ్లు ఉంటేనే ఇచ్చే మొత్తాలు కలిసి ఉంటాయి. నెలకు చేతికి ఎంత అని అడగండి. పట్టికలో బ్రాంచిల వారీ వివరాలు ఉండవు కాబట్టి మీ బ్రాంచి అంకె ప్లేస్‌మెంట్ విభాగాన్ని విడిగా, ఈమెయిల్ ద్వారా అడగండి. నోటిమాటకు విలువ లేదు.

ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాకపోతే ఏమిటి దారి? అప్పుడు ప్లేస్‌మెంటు గురించి ఎవరు ఏమి చెప్పినా అది జోస్యమే. బదులుగా మూడో ఏడాది వేసవిలో ఎందరికి జీతభత్యం ఇచ్చే ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయో అడగండి. విద్యార్థే డబ్బు కట్టి చేసే "ఇంటర్న్‌షిప్" లెక్కలోకి రాదు. అది ట్యూషన్.

## 7. సిలబస్, పరీక్షలు

స్వయంప్రతిపత్తి లేని అనుబంధ కళాశాలలో ప్రశ్నపత్రం జేఎన్‌టీయూ లాంటి మాతృ వర్సిటీ నుంచి వస్తుంది. వర్సిటీలో పత్రం తయారుచేసేదీ, దిద్దేదీ వాళ్లే. ఇది వరం కావచ్చు, పిల్లలకు మార్కులు పంచిపెట్టే దారీ కావచ్చు.

గత రెండేళ్ల సెమిస్టరు ప్రశ్నపత్రాలు రెండు సబ్జెక్టులవి సంపాదించండి. డేటా స్ట్రక్చర్స్ ఒకటి, గణితం ఒకటి చాలు. తెలిసిన అధ్యాపకుడికో, నాలుగేళ్ల అనుభవమున్న ఉద్యోగికో చూపించండి. నిర్వచనాలు రాయమనే ప్రశ్నలే నిండి ఉంటే అక్కడి 9.2 సీజీపీఏ మీద మురిసిపోనక్కర్లేదు.

"ఏఐ స్పెషలైజేషన్" తీసుకుంటున్నారా? మామూలు సీఎస్‌ఈ సిలబస్, దీని సిలబస్ పక్కపక్కన పెట్టి, వేరుగా ఉన్న సబ్జెక్టులను గుర్తించండి. తేడా నాలుగైదు సబ్జెక్టులే అయితే, దానికోసం అదనపు ఫీజు ఎందుకు? అనుమానం ఉన్నచోట నేను మామూలు సీఎస్‌ఈ లేదా ఈసీఈకే మొగ్గుతాను. ఏఐ సబ్జెక్టులను ఎలక్టివ్‌లుగా చదువుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్స్ తగ్గించేసిన బ్రాంచిలో దాన్ని వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

విదేశీ ఒప్పందాల జాబితాకు ఒక్కటే ప్రశ్న: నిరుడు ఆ ఒప్పందం కింద ఎందరు వెళ్లారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

## 8. ప్రాంగణానికి వెళ్లే రోజు

"ఓపెన్ హౌస్" రోజున వెళ్లవద్దు. పెళ్లిచూపుల రోజున ఇల్లు ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. సెమిస్టరు నడుస్తుండగా మంగళవారమో బుధవారమో పదింటికి చేరుకుని, సాయంత్రం నాలుగు దాకా ఉండండి. తల్లిదండ్రులు అడ్మిషన్ల కార్యాలయంలో కూర్చుంటే విద్యార్థి ఒంటరిగా తిరగాలి. పిల్లలు పిల్లలతోనే నిజం మాట్లాడతారు.

నోటీసు బోర్డు. మొదట అక్కడికే వెళ్లండి. హాజరు తక్కువైనవారి జాబితా, మిడ్ మార్కులు, సప్లిమెంటరీ పరీక్షల ప్రకటన, రద్దయిన తరగతుల సమాచారం అన్నీ అక్కడ ఉంటాయి. బోర్డులో పండగ శుభాకాంక్షలు మాత్రమే ఉంటే, విభాగం సమాచారం ఏ యాప్‌లో పెడతారో విద్యార్థిని అడిగి చూడండి.

ప్రయోగశాల. కొన్నేళ్ల కిందట మా బంధువుల అమ్మాయితో ఒక కొత్త వర్సిటీకి వెళ్లాను. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఆసిలోస్కోపులు తళతళలాడుతున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే తెర మీది ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు. అప్పటికి సెమిస్టరు ముగింపుకొచ్చింది. ల్యాబు చూసేటప్పుడు కొత్తదనం కాదు, వాడకం వెతకండి: అరిగిన ప్రోబులు, కాలిపోయిన భాగాల డబ్బా, చేతిరాతతో నిండిన రికార్డు పుస్తకాలు, ఒక్కో బల్ల దగ్గర ఎందరు పిల్లలు. అద్దాల వెనుక ఉన్న రోబో ఎవరి చేతికి అందుతుందో అడగండి.

మధ్యాహ్నం మూడింటికి. ఈ సమయంలో అధ్యాపకుల గదుల వైపు నడవండి. ఎన్ని గదుల్లో మనుషులున్నారు? గది బయట విద్యార్థులు నిలబడి సందేహాలు అడుగుతున్నారా? తలుపుల మీద పేర్ల పలకలు ఎన్ని ఖాళీ?

వసతి గృహం, భోజనం. కూపన్ కొనుక్కుని మెస్‌లో మీరే తినండి. వేసవిలో నీటి సరఫరా ఎలా ఉంటుందో, గదికి ఎందరో, అమ్మాయిల వసతి గృహం నుంచి తరగతి గదికి రాత్రిపూట దారి దీపాలు ఉన్నాయో చూడండి. కొత్త ప్రాంగణాలు చాలావరకు ఊరికి దూరం. రాత్రి జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో తీసుకెళతారు? ఈ ప్రశ్నకు కాపలాదారు ఇచ్చే జవాబు పీఆర్వో జవాబు కన్నా నమ్మదగినది.

విద్యార్థులను అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి. కనీసం ఐదుగురిని అడగాలి. ఎదురుపడిన వాళ్లనే అడగండి, వాళ్లు పిలిపించి చూపించిన వాళ్లను కాదు.

- అన్నా, మీ సెక్షన్‌లో ఎందరున్నారు? ఎందరికి బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి?
- నిన్న ఎన్ని తరగతులు జరగాలి, ఎన్ని జరిగాయి?
- ఫీజు కాక ఈ ఏడాది ఇంకేమి కట్టించుకున్నారు?
- మీ తమ్ముణ్ణి ఇదే బ్రాంచిలో చేరుస్తారా?

నాలుగో ప్రశ్న అడిగి మాట వినకండి, ముఖం చూడండి.

## 9. డబ్బు: నాలుగేళ్ల మొత్తం, ఒక్క కాగితం మీద

మొదటి ఏడాది ఫీజును నాలుగుతో హెచ్చించడం పెద్ద పొరపాటు. 3 లక్షల ట్యూషన్ ఫీజు ఏటా 5 శాతం పెరిగితే నాలుగేళ్లకు 12 లక్షలు కాదు, దాదాపు 12.93 లక్షలు. దీనికి హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు, సీఆర్‌టీ (ప్లేస్‌మెంటు పరీక్షల) శిక్షణ రుసుము, ల్యాప్‌టాప్ కలపండి. ఏటా ఎంత పెంచుతారో అడ్మిషన్ పత్రంలో రాసి ఉండాలి.

ఉపకార వేతనం ఇస్తామంటే రెండో ఏడాది నిలబడటానికి షరతు ఏమిటో చదవండి. 8.5 సీజీపీఏ, ఒక్క బ్యాక్‌లాగ్ ఉండకూడదు అన్న షరతులో మధ్య బెంచీ విద్యార్థి నిలవడు. నిరుడు పొందినవారిలో ఈ ఏడాది ఎందరికి కొనసాగిందో అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వర్సిటీల సీట్లలో 35 శాతం కన్వీనరు కోటా కింద ఈఏపీసెట్ ద్వారా భర్తీ చేస్తారు. అదే తరగతి గది, అదే మాస్టారు, ఫీజు మాత్రం చాలా తక్కువ. ర్యాంకు దరిదాపుల్లో ఉంటే కౌన్సెలింగ్ దాకా ఆగడం తెలివైన పని. సొంత పరీక్షతో ఇచ్చే సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆశించవద్దు.

బ్యాంకు రుణం ఆలోచనలో ఉంటే నాక్, ఎన్‌బీఏ, ఎన్‌ఐఆర్‌ఎఫ్ సంగతి మళ్లీ ముందుకొస్తుంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఆధారంగా ఎంచిన 860 సంస్థలతో మొదలైంది. ఏటా జాబితా మారుతుంది. కొత్త వర్సిటీ ఆ జాబితాలో లేకపోతే హామీ లేని రుణం, 8 లక్షలలోపు ఆదాయమున్న కుటుంబాలకు ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ ఈ పథకం కింద దక్కవు. సీటు తీసుకున్నాక బ్యాంకుకు వెళ్లడం కాదు, ముందే వెళ్లి ఆ శాఖ మేనేజరును వర్సిటీ పేరు చెప్పి అడగండి.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

"రేపటికి సీటు ఉండదు సార్" అన్న ఫోనుకు లొంగడం. కొత్త వర్సిటీల్లో సీట్లు అంత తొందరగా నిండవు. నిండిపోతాయని వాళ్లు గట్టిగా చెప్పినా "సరే" అని చెప్పి రెండు రోజులు ఆగండి. మళ్లీ ఫోను వస్తుంది.

కన్సల్టెంటు మాట మీద వెళ్లడం. మిమ్మల్ని చేర్పించినందుకు అతనికి వర్సిటీ డబ్బు ఇస్తుంది. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, ఆ డబ్బు వర్సిటీ ఖాతాలో పడిందో లేదో రసీదుతో సరిచూసుకోండి. వ్యక్తి ఖాతాకు పంపి ఉంటే వెంటనే రాతపూర్వకంగా వెనక్కి అడగండి.

స్నేహితుడు చేరాడని చేరడం. దీనికి దిద్దుబాటు నాకు తెలియదు. పదిహేడేళ్ల వయసు అలాంటిది. కనీసం బ్రాంచి అయినా సొంతంగా ఎంచుకోమని చెప్పండి.

వర్సిటీని చూసి బ్రాంచిని వదిలేయడం. సివిల్ అంటే ఇష్టమున్న పిల్లకు మంచి సివిల్ విభాగమున్న పాత ప్రభుత్వ కళాశాల దొరుకుతుంటే, ఎంత మెరిసే కొత్త వర్సిటీ అయినా ఆమెకు దండగ.

## 11. ఫీజు కట్టే రోజు, ఆ తరవాత నెల

కట్టే ముందు చేతిలో ఉండాల్సినవి:

- నాలుగేళ్ల ఫీజు వివరం, వర్సిటీ ముద్రతో
- బ్రాంచి పేరు స్పష్టంగా ఉన్న సీటు కేటాయింపు పత్రం
- ఉపకార వేతనం షరతులు, రాతలో
- ఈ ఏడాది ఫీజు వాపసుపై యూజీసీ ఇచ్చిన ప్రకటన ముద్రిత ప్రతి
- వర్సిటీ ఖాతాకే చెల్లించిన రసీదు

వాపసు నిబంధన చాలామందికి తెలియదు. 2024-25లో సెప్టెంబరు 30లోగా ప్రవేశం రద్దు చేసుకుంటే ఫీజు మొత్తం, అక్టోబరు 31లోగా అయితే 1,000 రూపాయలకు మించకుండా కోసుకుని మిగతాది తిరిగి ఇవ్వాలని యూజీసీ ఆదేశించింది. తేదీలు ఏటా మారవచ్చు. మీ ఏడాది ప్రకటన చూసుకుని ఆ రెండు తేదీలను క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టండి.

అసలు ధ్రువపత్రాలు చూపించండి, సరిచూశాక వెనక్కి తీసుకోండి. వాటిని సంస్థ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ చెబుతుంది. టీసీ లాంటివి తప్పక ఇవ్వాల్సి వస్తే ఏమేమి ఇచ్చారో జాబితా రాసి సంతకం చేయించుకోండి. ఫీజు గానీ పత్రాలు గానీ తిరిగి ఇవ్వకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

తరగతులు మొదలైన మొదటి మూడు వారాలు ఇంకో పని ఉంది. ప్రతి సాయంత్రం పిల్లవాడు రెండు అంకెలు రాసుకోవాలి: టైంటేబుల్‌లో ఉన్న తరగతులు, నిజంగా జరిగినవి. పక్కన ల్యాబులో ఏ పరికరాన్ని చేత్తో పట్టుకున్నాడో ఒక్క మాట. మూడో వారం చివర ఆ కాగితాన్ని, ఎడమ పేజీని పక్కపక్కన పెట్టి ఇంట్లో అందరూ కూర్చుని చూడండి. తేడా మరీ ఎక్కువగా ఉంటే ఎర్ర సిరా తేదీ ఇంకా దాటలేదు.